రాసింది రాసినట్టు

మంత్రిని రెండో అధ్యాయంలోనే చంపేసి ఉండాల్సిందని రాజక్క అభిప్రాయం. ఇరవై మూడు అధ్యాయాలు విన్నా ఆ అభిప్రాయం మారలేదు.

"గంత లంగ మనిషిని గిన్ని దినాలు బతుకనిస్తరా ఎవలన్న? నేనైతే ఆ గెస్టౌజు కాడ్నే ఖతం చేద్దును," అంది ఒళ్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ.

"మంత్రి సస్తే పుస్తకం ఆడ్నే అయిపాయె గదా," అన్నాడు భీమయ్య గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంటూ.

"అయిపోనియ్. మనకేం వేరే పన్లు లేవా?"

లేవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మధ్యాహ్నం నాలుగింటికి చంద్రపూర్ ఎండలో బొగ్గుబాయి కాలనీలో ఎవరికీ ఏ పనీ ఉండదు. ఐలమ్మ క్వార్టరు వరండాలో నీళ్ల కూలరు తిరుగుతుంది, చాప పరిచి ఉంటుంది, ఐలమ్మ చదువుతుంది. పదిహేను రోజులుగా ఇదే పని.

ఐలమ్మ పుస్తకంలో దారప్పోగు పెట్టి మూసింది. చీటీ మీద 'మంత్రి చావు ఆలస్యమైంది - రాజక్క' అని రాసి, చదివి వినిపించింది. రాజక్క చీటీ కింద మరాఠీలో సంతకం చేసింది. ఆమెకు వచ్చిన అక్షరాలు ఆ నాలుగే.

పుస్తకం పేరు 'ఆఖరి హాజరీ'. రాసినాయన గోపాల్. ఒకప్పుడు ఈ బాయి దగ్గరే యూనియన్ కార్యదర్శి, ఇప్పుడు హైదరాబాదులో పెద్దమనిషి. ఆదివారం చంద్రపూర్‌లో హాలు మాట్లాడి సభ పెట్టాడు. ఈ బాయి కార్మికులు తన నవల గురించి ఏమనుకుంటున్నారో చిన్న పుస్తకంగా అచ్చేసి అదే సభలో పంచాలని ఆయన ఆలోచన. అందుకని మేనకోడలు మాధవితో పన్నెండు కాపీలు పంపించాడు. పన్నెండూ పన్నెండిళ్లకు చేరాయి. భీమయ్య తన కాపీని దేవుడి గూట్లో పెట్టి బొట్టు పెట్టాడు. రాజక్క బీరువాలో పట్టుచీరల మధ్య దాచింది. పొద్దున లేచిందగ్గర్నుంచి తెలుగే మాట్లాడే కాలనీ అది. కానీ పిల్లలు చదివింది మరాఠీ బడిలో, పెద్దలు ఏ బడికీ పోలేదు. పెళ్లికి ముందు బెల్లంపల్లిలో ఏడో తరగతి దాకా చదివిన ఐలమ్మ కాపీ ఒక్కటే తెరుచుకుంది. చీరలకు ఫాల్స్ కుట్టే పని మూడున్నరకు ఆపి, వేళ్లకంటిన దారప్పోగులు దులుపుకుని ఆమె కూర్చుంటే చుట్టూ జనం చేరేవారు.

ఆమెకు వాళ్లు పెట్టిన షరతు ఒకటే, ముందుకు చదవకూడదు. "నీ మొహంల ఏదీ దాగది చెల్లె. ముందుగాల చదివితివా, మాకు మజా పోతది," అని భీమయ్య మొదటిరోజే పోచమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడు.

నవల మాత్రం పట్టుకుంటే వదిలేది కాదు. బాయిలో పైకప్పు కూలి ఏడుగురు చచ్చిపోతారు. కంపెనీ నలుగురినే చూపిస్తుంది. మిగతా ముగ్గురు పర్మనెంటు కాని బదిలీ కూలీలు. దిగేటప్పుడు కూలీ తన ఇత్తడి బిళ్ల ల్యాంపు రూములో ఇచ్చి దీపం తీసుకుంటాడు. బిళ్ల బోర్డు మీద మేకుకు వేలాడుతున్నంతసేపూ మనిషి కింద ఉన్నట్టు లెక్క. ప్రమాదం జరిగిన తెల్లారి బోర్డు మీద ఆ ముగ్గురి బిళ్లలు ఉండవు. అంటే వాళ్లు అసలు దిగనే లేదు. దాని మీద విచారణ కమిటీ, కమిటీని కొనే మంత్రి, వరోరా దాటాక రైల్లోంచి పడిపోయే విలేకరి, అన్నిటికీ ఎదురు నిలబడే సూర్యం అనే యూనియన్ నాయకుడు. పుస్తకమంతా ఒక్కటే ప్రశ్న, బిళ్లలు తీసింది ఎవరని.

ఆ ప్రశ్న వరండాలో కూర్చున్న వాళ్లకు కథలోది కాదు. ముప్పై ఏళ్ల కింద ఇక్కడి మూడో నంబరు బాయిలో జరిగింది కూడా అదే. లెక్కలోకి రాని ఆ ముగ్గురిలో ఒకడు భీమయ్య తమ్ముడు ఓదేలు. ఆ రోజు పనికి రాలేదనీ ఎటో పారిపోయాడనీ కాగితం మీద రాశారు. భీమయ్య ఆ కాగితం ఇప్పటికీ నమ్మలేదు.

"బిళ్లలు ఎటువోయినయో ఆ సంగతి వస్తదా ఇగ?" అని రోజూ లేచేటప్పుడు అడిగేవాడు.

"ఒక్కటే పాఠమున్నది అన్నా. వస్తది," అంది ఐలమ్మ ఆ రోజు కూడా.

ఆమె గర్వం ఆమెకుంది. నాలుగో అధ్యాయంలో ల్యాంపు రూములో పనిచేసే లచ్చన్న అనేవాడు వచ్చాడు. ఎడమకాలు కుంటి. తాళాల గుత్తికి ఆకుపచ్చ దారం కట్టుకుంటాడు. దీపం అద్దం తుడిచి ఒకసారి నోటి ఆవిరి పట్టి మళ్లీ తుడుస్తాడు. ఐలమ్మ ఆ పేజీ దగ్గర ఆగిపోయి నవ్వింది. "గీయన మా ఆయనే. అచ్చం మా రాజలింగే," అని అందరికీ ఆ పేజీ చూపించింది, అది చదవగలిగినవాళ్లు లేకపోయినా. తొమ్మిదేళ్ల కింద పోయిన మనిషి పుస్తకంలోంచి కుంటుకుంటూ వచ్చినందుకు ఆమె ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. మాధవి వచ్చి, "సగం చదివినా చాల్తది పెద్దమ్మా, మామ చీటీలు లవ్‌కర్, జల్ది పంపుమంటుండు," అన్నప్పుడు అందరికంటే ముందు తన అభిప్రాయమే రాసిచ్చింది. మాధవి దాన్ని ఫోనులో ఫొటో తీసి గోపాల్‌కు పంపింది.

*

గురువారం పొద్దున ఐలమ్మ ఒట్టు తప్పింది.

కావాలని కాదు. సంబరం ఆగలేదు. లచ్చన్న చివరికి ఏం చేస్తాడో తెలుసుకోవాలనిపించింది. నేరస్థుల్ని పట్టిచ్చేది అతనేనని ఆమెకు గట్టి నమ్మకం. మిషను మీద పెట్టిన నీలంచీరను అలాగే వదిలేసి, ఇరవై నాలుగో అధ్యాయం తెరిచింది.

లచ్చన్న బోర్డు మీంచి మూడు బిళ్లలు తీశాడు. గుప్పిట్లో పెట్టుకుని కుంటుకుంటూ గెస్టుహౌసుకు వెళ్లాడు. మంత్రి మనిషి చేతిలో పోశాడు. బదులుగా తన ఉద్యోగం పర్మనెంటు చేయించుకున్నాడు. సూర్యం అతన్ని నిలదీసినప్పుడు కాళ్ల మీద పడి ఏడ్చాడు. సూర్యం క్షమించాడు. పుస్తకం అయిపోయింది.

ఐలమ్మ మళ్లీ చదివింది. కూడబలుక్కుని వేలుపెట్టి, తప్పు చదివానేమోనని మూడోసారి చదివింది. తర్వాత లేచి లోపలికి వెళ్లి మంచం కిందినుంచి రేకుపెట్టె లాగింది. అడుగున పాత లుంగీ గుడ్డ మూట ఉంది. విప్పితే మూడు ఇత్తడి బిళ్లలు. రెండు వందల పద్నాలుగు, మూడు వందల డెబ్బై ఒకటి, మూడు వందల ఎనభై ఎనిమిది.

రాజలింగు ఎవరికి అమ్మాడు? ఇవిగో ఇక్కడున్నాయి. బోర్డు మీంచి తీసింది మాత్రం నిజం. తీసి బాయిలర్లో వేయమని మేనేజరు చెప్పాడు. తీశాడు, వేయలేదు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి గుప్పిట తెరిచి చూపించాడు, అరచేతిలో మూడు గుండ్రటి అచ్చులు పడి ఉన్నాయి. మర్నాడు వాటిని గోపాల్ దగ్గరికి పట్టుకెళ్లాడు. వారం తర్వాత మళ్లీ వెళ్లాడు. నెలకు మళ్లీ. మూడుసార్లూ గోపాల్ ఒకటే మాట అన్నాడు, ఇప్పుడు కాదు, నేను చెప్పినప్పుడు తియ్యి. గోపాల్ చెప్పనే లేదు. రాజలింగు తియ్యనే లేదు.

మూడు వందల డెబ్బై ఒకటి ఓదేలుది. ఐలమ్మకు తెలుసు. ఆ బిళ్ల మీద వేలు ఆగింది. రోజూ వరండాలో కాళ్లు చాపుకుని కూర్చునే భీమయ్య గుర్తొచ్చి, గబగబా మూట కట్టేసింది. ఈ పని ఆమె ముప్పై ఏళ్లుగా చేస్తూనే ఉంది.

వచ్చి మిషను ముందు కూర్చుంది. నీలంచీరకు నల్లదారంతో జానెడు కుట్టాక గానీ చూసుకోలేదు. పళ్లతో పోగు తెంపి, కుట్టు మొత్తం విప్పింది.

ఆ సాయంత్రం కళ్లు మండుతున్నాయని చెప్పి చదవలేదు. రాజక్క చిన్నబుచ్చుకుంది. భీమయ్య ఆమె మొహం వంక చూసి, "ముందుగాల చదివినవా ఏంది?" అన్నాడు.

"లేదన్నా. ఒట్టు."

*

శుక్రవారం తప్పించుకోవడం కుదరలేదు. మాధవి చివరి చీటీల కోసం వస్తానంది. జనం మామూలుకంటే ఎక్కువే వచ్చారు. ఎవరో బజ్జీలు కూడా తెచ్చారు.

ఐలమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది. ఇరవై నాలుగో అధ్యాయం తెరిచింది. ఇంతమందికి తన మొగుణ్ణి వేలుపెట్టి చూపించింది తనే కదా అనుకుంది. లచ్చన్నంటే రాజలింగు. ఈ వరండాలో ఆ రెండు పేర్లూ ఒకటే. పేజీలో ఉన్నది ఉన్నట్టు చదివితే రేపట్నుంచి ఆయన ఫొటోకు దండ వేయడానికి కూడా తనకు మొహం చెల్లదు.

చూపు అక్షరాల మీదే పెట్టి చదవడం మొదలుపెట్టింది. కానీ చదివింది అక్షరాలను కాదు. లచ్చన్న మేనేజరు మాట విని బిళ్లలు తీశాడు. బాయిలర్లో వేయడానికి చెయ్యి రాలేదు. సూర్యం దగ్గరికి పట్టుకెళ్లాడు. సూర్యం ఇప్పుడు కాదన్నాడు. మళ్లీ వెళ్లాడు. సూర్యం టీ తెప్పించి, భుజం మీద చెయ్యేసి, ఇప్పుడు కాదన్నాడు. పుస్తకం భాషలోనే చెప్పింది. పదిహేను రోజులు నోటితో పలికిన భాష, నాలుక మీదికి అదే వచ్చింది. అవసరమైన చోట పేజీ కూడా తిప్పింది.

బజ్జీల పొట్లం ఎవరూ ముట్టుకోలేదు.

"మూడోసారి?" అన్నాడు భీమయ్య.

"మూడోసారి గూడ గట్లనే అన్నడు."

"మరి బిళ్లలేమైనయ్?"

లోపలి గది గడపకు నాలుగు అడుగుల దూరంలో ఉంది రేకుపెట్టె. ఐలమ్మ పేజీలోకి వంగింది. "మూడోసారి సూర్యమే వాటిని గుంజుకున్నాడు," అని చదివింది. "ఆ రాత్రి వర్ధా నదిలోకి విసిరేశాడు."

భీమయ్య కాళ్లు దగ్గరికి తీసుకుని, "ఇగ దొరకయ్ అన్నట్టు," అన్నాడు. "గంతే గదా. దొరకయ్." భుజం మీది తువ్వాలతో మొహం మొత్తం తుడుచుకున్నాడు. "మంచి పుస్తకం చెల్లె. ఉన్నదున్నట్టు రాసిండు. తన అసొంటోని తప్పు గూడ దాయలే. రాయి, నా మాట గిదే అని రాయి."

ఐలమ్మ రాసింది. భీమయ్య బొటనవేలికి సిరా పూసి అద్దాడు. వచ్చిన మాధవి చీటీలన్నీ చాప మీద పేర్చి ఒక్కొక్కటే ఫొటో తీసింది, మనుషులనూ తీసింది. ఆమెకు తెలుగు చదవడం రాదు. గోపాల్‌కు పంపి, "మామ చూస్తుండు," అంది.

*

ఆదివారం హాల్లో కుర్చీలు నిండాయి. ముందువరసలో నాగపూర్, హైదరాబాదు నుంచి వచ్చిన చదువుకున్నవాళ్లు. వాళ్లంతా నవల చదివే వచ్చారు. వెనకవరసలు కాలనీవాళ్లవి. తలా ఒక చిన్నపుస్తకం ఇచ్చారు, అట్ట మీద 'బొగ్గుబాయి పాఠకుల మాట' అని ఉంది. లోపల పేజీకొక ఫొటో, ఫొటో కింద నాలుగు లైన్లు. రాజక్క తన ఫొటో చూసుకుని మురిసిపోయింది. "నా మాట చదువు ఐలమ్మా. మంత్రిది వచ్చిందా?"

ఐలమ్మ చూసింది. 'రాజకీయ కుట్రలను ఇంత ఉత్కంఠగా చిత్రించిన నవల మరొకటి లేదు' అని ఉంది రాజక్క కింద. భీమయ్య కింద, 'లచ్చన్న చేసిన ద్రోహం చదివి కన్నీళ్లాగలేదు. సూర్యం క్షమాగుణానికి చేతులెత్తి మొక్కాను' అని ఉంది.

"వచ్చింది," అంది రాజక్కతో.

తన పేజీ తిప్పింది. అందులో ఒక్క అక్షరం మార్చలేదు. 'ఈ నవలలో లచ్చన్న మా ఇంటాయన రాజలింగే. కాలు, తాళాలు, దీపం తుడిచే తీరు అంతా ఆయనే. ఆయనను ఉన్నది ఉన్నట్టు చూపించిన గోపాల్ గారికి దండం - ఐలమ్మ.' పక్కనే ఆమె చేతిరాత చీటీ ఫొటో కూడా అచ్చువేశారు.

చీరకొంగు ముడి తడుముకుంది. పొద్దున ఎందుకు కట్టుకుందో తనకే సరిగ్గా తెలియదు గానీ ముడిలో మూడు బిళ్లలూ ఉన్నాయి. లేచి వేదిక పక్కనున్న గదిలోకి నడిచింది. గోపాల్ ఒక్కడే కూర్చుని తను మాట్లాడబోయే కాగితాలు చూసుకుంటున్నాడు.

"వదినె, రా రా. కూసో."

"మా ఆయన నీ తాన్కి మూడుసార్లు రాలేదా?"

గోపాల్ కళ్లజోడు తీశాడు. కొత్తగా ఏమీ అనిపించనట్టే ఉంది మొహం. "వదినె, గిది నవల. ఆఖర్ల ఎవలూ అనుకోనోడు చేసినట్టుండాలె. గప్పుడే చదివెటోల్లు పుస్తకం ఇడువరు. సూర్యం చేసిండని రాస్తే కథేముంటది చెప్పు?"

"వచ్చిండా, రాలేదా?"

"నీ చీటీలు చూసిన్నే. నువ్వు వాళ్లకేం చదివి చెప్పినవో నాకు సమజైంది. మంది ముందట నేనేమన్న అన్ననా? సప్పుడుగాక సరిజేసిన." కళ్లజోడు పెట్టుకున్నాడు. "నేను లచ్చన్న అని రాసిన. రాజలింగు అని ఏడ్నన్న రాసిన్నా? ఆ పేరు రాసింది నువ్వు."

అంతలో మైకులో ఆమె పేరు పిలిచారు. నవలలోని పాత్ర భార్యే స్వయంగా తన అభిప్రాయం చదివి వినిపిస్తారని ప్రకటించారు. ముందువరస మొత్తం వెనక్కి తిరిగి ఆమె కోసం వెతికింది.

వేదిక ఎక్కింది. చిన్నపుస్తకం తెరవలేదు. కొంగుముడి పళ్లతో విప్పి, మూడు బిళ్లలూ బల్ల మీద పెట్టింది. మైకులో ఇత్తడి చప్పుడు గట్టిగా వినబడింది.

"మా ఆయన గివి అమ్ముకోలే," అంది. "ఇగో, ఈడున్నయి. తీసిండు. తీసింది నిజమే. మూడుసార్లు గీ గోపాల్ సార్ తాన్కి వట్టుకవోయిండు. ఆయనే వద్దన్నడు."

గోపాల్ లేచి మెల్లగా వచ్చి ఒక బిళ్ల చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఆ కాసేపు ఐలమ్మకు ఆశ కలిగింది. తర్వాత ఆయన బిళ్ల బల్ల మీద పెట్టి మైకు అందుకున్నాడు. గొంతులో నిజంగానే జీర ఉంది.

"మిత్రులారా, ఇది కల్పన అన్నారు కొందరు విమర్శకులు. బిళ్లలు తీసిందెవరో, ముప్పై ఏళ్లు ఎవరింట్లో దాగి ఉన్నాయో మీ కళ్లముందే ఉంది. భర్త మీది ప్రేమతో ఆమె ఏమన్నా నేను తప్పుపట్టను. సూర్యంలాగే నేనూ క్షమించి నమస్కరిస్తాను." వంగి ఐలమ్మకు దండం పెట్టాడు.

ముందువరస లేచి చప్పట్లు కొట్టింది. ఒకావిడ కళ్లు ఒత్తుకుంది. నలుగురు ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీశారు. వెనకవరసలో రాజక్క కూడా అందరూ కొడుతున్నారని కొట్టింది, మా ఐలమ్మకు ఎంత మర్యాద అనుకుని.

భీమయ్య కొట్టలేదు. కుర్చీలు పట్టుకుంటూ నడిచొచ్చి వేదిక ముందు నిలబడ్డాడు. బల్ల ఎత్తు అతని ఛాతీకి వచ్చింది. అక్షరాలు రాకపోయినా నంబర్లు చదవడం బాయిలో దిగిన ప్రతివాడికీ వచ్చు. మూడిట్లో తమ్ముడిది తీసుకుని చొక్కా అంచుతో తుడిచాడు.

"ఏట్ల ఏసిండన్నవు గదా చెల్లె," అన్నాడు.

ఆ మాట మైకుకు అందలేదు. ఐలమ్మకు అందింది. భీమయ్య బిళ్ల జేబులో వేసుకుని, హాలు మధ్యలోంచి నడిచి బయటికి వెళ్లిపోయాడు.

*

సోమవారం నాలుగింటికి ఐలమ్మ అలవాటుగా చాప పరిచింది. ఎవరూ రారని తెలుసు. నిన్న హాల్లో ముందువరసవాళ్లను అడిగి రాజక్క అసలు పుస్తకంలో ఏముందో తెలుసుకుంది. కాలనీకి ఇప్పుడు రెండు కథలూ తెలుసు. రాజలింగు తీశాడన్నది రెంటిలోనూ ఉంది. గోడ మీది ఫొటోకు దండ ఉంది. ఐలమ్మ అటు చూడలేదు. ఆయన్ని కాపాడాలని పెట్టె అడుగున మూట కట్టింది, ఆయన్ని కాపాడాలని వర్ధా నది కల్పించింది. అన్ని రోజులూ ఎదురుగా కూర్చుని అడిగిన మనిషి ఒక్కడే, అతనికే చెప్పలేదు. గోపాల్ ఇప్పుడు కాదని మూడుసార్లు అన్నాడు. తను ఎన్నిసార్లు అనుకుందో లెక్కే లేదు.

గేటు చప్పుడైంది. భీమయ్య లోపలికొచ్చాడు. మెడలో నల్లదారానికి ఇత్తడి బిళ్ల వేలాడుతోంది. చేతిలో తన కాపీ ఉంది, దేవుడి గూట్లోంచి తీసింది, అట్ట మీద పసుపు, కుంకుమ. ఎప్పటి చోటులో కూర్చున్నాడు. కాళ్లు మాత్రం చాపలేదు.

"అన్నా..." అంది ఐలమ్మ.

"నీ మాటలొద్దు." పుస్తకం ఆమె ముందుకు తోశాడు. "మొదటిసంది చదువు. ఈసారి రాసింది రాసినట్టు."

"ఇండ్ల గూడ అబద్ధమే ఉన్నదన్నా."

"ఉండనియ్. నీ అబద్ధం విన్న. ఆయనది గూడ ఇంట."

ఐలమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది. కొత్త పుస్తకం, పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. వేలి తడితో విడదీసింది. ఏడు రోజులు పట్టింది. రాజక్క రాలేదు, ఇంకెవరూ రాలేదు. నాలుగో అధ్యాయంలో లచ్చన్న వచ్చినప్పుడు ఆమె ఆగలేదు. ఏడోరోజు ఇరవై నాలుగో అధ్యాయం దగ్గర ఆగింది. భీమయ్య మంచినీళ్ల చెంబు ముందుకు జరిపాడు. ఆమె తాగింది. లచ్చన్న మూడు బిళ్లలు గుప్పిట్లో పెట్టుకుని కుంటుకుంటూ గెస్టుహౌసుకు వెళ్లాడని, అమ్ముకున్నాడని, వేలుపెట్టి, ఒక్క అక్షరం వదలకుండా, తన నోటితో చదివింది.